మహమ్మారి వేళ వేతన సాయం: ఎప్పటివరకు కొనసాగించాలో తేల్చుకోవడం ఎలా

మహమ్మారి వచ్చి ప్రభుత్వం దుకాణాలనూ కర్మాగారాలనూ మూయించినప్పుడు, పని ఆగిపోయినవారి జీతంలో కొంత భాగాన్ని ఖజానా నుంచి చెల్లించడమే వేతన సాయం. దీన్ని ప్రారంభించేటప్పుడు పెద్దగా తగవు ఉండదు. కొన్ని నెలలు గడిచాక, డబ్బు నీళ్లలా పోతోంది గనుక ఆపమని కొందరు, ఆపితే కుటుంబాలు రోడ్డున పడతాయి గనుక కొనసాగించమని మరికొందరు వాదిస్తారు. రెండు మాటల్లోనూ నిజం ఉండవచ్చు కాబట్టి ఎవరి గొంతు పెద్దదో చూసి తేల్చే విషయం కాదిది. ప్రభుత్వానికి వినతిపత్రం రాయబోయే కార్మిక సంఘం వారు, వ్యాసం రాయవలసిన విద్యార్థులు, ఓటరుగా తమ ప్రతినిధిని నిలదీయదలచినవారు ఈ ప్రశ్నను ఏ వరుసలో విప్పుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

ప్రధాన ఉదాహరణగా ఆస్ట్రేలియాను తీసుకుంటున్నాను. 2020 మార్చి 30న ప్రధాని స్కాట్ మారిసన్, కోశాధికారి జోష్ ఫ్రైడెన్‌బర్గ్ ప్రకటించిన జాబ్‌కీపర్ పథకం ఏడాది పాటు నడిచి, మధ్యలో తగ్గి, 2021 మార్చి 28న ఆగిపోయింది. మూడు నెలలు తిరక్కుండానే లాక్‌డౌన్ మళ్లీ వచ్చింది, సాయమూ మరో రూపంలో మళ్లీ వచ్చింది. పెట్టడం, తగ్గించడం, ఆపడం, మార్చి పెట్టడం అన్నీ పద్దెనిమిది నెలల్లోనే జరిగాయి కాబట్టి, ప్రతి మలుపులోనూ ఏది పనిచేసిందో ఏది బెడిసికొట్టిందో పోల్చి చూడటానికి ఇంతకన్నా అనువైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

మూసింది ఎవరో ముందు తేల్చుకోండి

కాగితం మీద మొట్టమొదట రాసుకోవలసిన ప్రశ్న ఇది: ఈ పని ఎందుకు ఆగింది? గిరాకీ లేక ఆగిందా, జబ్బు భయంతో జనం రాక ఆగిందా, లేక ప్రభుత్వ ఉత్తర్వు వల్ల ఆగిందా? ఈ మూడింటికీ ఒకే జవాబు సరిపోదు. ప్రజారోగ్యం కోసం ప్రభుత్వమే తాళం వేయించిన చోట, ఆ తాళం ఉన్నంతకాలం జీతాల భారంలో ప్రధానమైన వాటా ప్రభుత్వమే మోయాలన్నది నా నిశ్చితాభిప్రాయం. హోటలు యజమాని తప్పు చేయలేదు, అందులో వడ్డించే మనిషి తప్పు చేయలేదు. ఊరందరి ప్రాణాల కోసం ఆ ఇద్దరి సంపాదన ఆపించాం కనుక ఆ ఖర్చు ఊరందరిదీ అవుతుంది. తాళం తీసిన తరువాత ఈ బాధ్యత తగ్గుతుంది, కాని ఒక్కరోజులో సున్నా కాదు.

మన దేశంలో 2020లో ఈ ప్రశ్నకు దొరికిన జవాబు వేరు. మార్చి 25 నుంచి లాక్‌డౌన్ మొదలైంది. మార్చి 29న కేంద్ర హోంశాఖ విపత్తు నిర్వహణ చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వులో, మూతపడిన కాలానికి కూడా కోత లేకుండా పూర్తి జీతం చెల్లించాలని యజమానులను ఆదేశించింది. ఆ జీతానికి ప్రభుత్వం తన వంతుగా ఏమీ చేర్చలేదు. రాబడి లేని చిన్న యజమాని ఎక్కడినుంచి తెచ్చి ఇవ్వాలన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ ఉత్తర్వు మే 18 నుంచి అమలులో లేకుండా పోయింది. జూన్ 12న కోర్టు, యజమానుల మీద బలవంతపు చర్యలు తీసుకోవద్దని, జీతాల సంగతి ఇరుపక్షాలూ మాట్లాడుకుని తేల్చుకోవాలని చెప్పింది. మూసిన చేయి ఒకరిది, చెల్లించవలసిన చేయి మరొకరిది అయినప్పుడు చివరకు ఆ మాట్లాడుకోవడంలో ఎవరి పక్షం బలహీనమో వారే నష్టపోతారు.

సాయం చేసే పని ఏమిటో విడదీసి చూడండి

రెండవదిగా, వేతన సాయం వల్ల జరగవలసిన పని ఏమిటో రాసుకోవాలి. ఇంట్లో పొయ్యి వెలగడం ఒక పని. దానికి వేతన సాయమే అక్కరలేదు. నిరుద్యోగ భృతి అయినా, నేరుగా ఖాతాలో వేసే నగదు అయినా సరిపోతుంది. జబ్బు లక్షణాలున్న మనిషి జీతం పోతుందన్న భయంతో పనికి రాకుండా ఇంట్లో ఉండగలగడం మరొక పని. మెల్‌బోర్న్‌లో 2020 జులై నుంచి రెండవ విడత వ్యాపించినప్పుడు, వృద్ధాశ్రమాల్లో క్యాజువల్‌గా, అంటే స్థిరమైన కొలువు లేకుండా పనిచేస్తూ బతుకుతెరువు కోసం రెండు మూడు చోట్లకు తిరిగే సిబ్బంది ద్వారా వ్యాధి ఒక ఆశ్రమం నుంచి మరో ఆశ్రమానికి చేరింది. ఆగస్టులో, మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో, సెలవు జీతం లేక క్వారంటైన్‌లో ఉండవలసి వచ్చినవారికి 1,500 ఆస్ట్రేలియా డాలర్లు విడిగా ఇవ్వవలసి వచ్చింది. వేతన సాయం ఆపాలా అని చర్చించేవారు ఈ ఆరోగ్య కోణాన్ని మరిచిపోతే లెక్క సగమే అవుతుంది.

ఇక వేతన సాయం మాత్రమే చేయగల పని, పనివాడికీ యజమానికీ మధ్య ఉన్న తాడు తెగకుండా చూడటం. పదేళ్లుగా ఒకే యంత్రం మీద పనిచేసిన మనిషి వెళ్లిపోతే, తెరిచిన రోజున అతని స్థానంలో మరొకరిని వెతికి నేర్పించడానికి నెలలు పడుతుంది. ఆ మనిషికీ మళ్లీ అంత జీతం దొరకడం కష్టం. జర్మనీలో దశాబ్దాలుగా ఉన్న కుర్త్స్‌అర్బైట్ పద్ధతి దీనికోసమే పుట్టింది. పని గంటలు తగ్గించి, కోల్పోయిన నికర జీతంలో 60 శాతం, పిల్లలున్నవారికి 67 శాతం ప్రభుత్వ బీమా నిధి నుంచి ఇస్తారు. 2020 ఏప్రిల్‌లో ఆ సాయం మీద దాదాపు 60 లక్షల మంది ఉన్నారు.

కాబట్టి మీ ఊళ్లో, మీ రంగంలో ఆ తాడుకు ఇంకా విలువ ఉందా అని అడగండి. ఆరు నెలల్లో తెరుచుకునే హోటలుకు ఉంది. కొనేవారే శాశ్వతంగా వేరే దారి పట్టిన వ్యాపారానికి తాడు కట్టి ఉంచితే, ఆ పనివారు కొత్త పని వెతుక్కోవలసిన కాలాన్ని మనమే తినేసినట్లవుతుంది. అటువంటివారికి వేతన సాయం కన్నా మంచి నిరుద్యోగ భృతి, పని నేర్చుకునే అవకాశం మేలు.

లెక్క వేయండి: ఒక్కో ఉద్యోగం నిలబడటానికి ఎంత ఖర్చు?

ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు, అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను. పథకం మొత్తం ఖర్చు చూసి భయపడటం కానీ, మొత్తం లబ్ధిదారుల సంఖ్య చూసి మురిసిపోవడం కానీ వద్దు. ఆ రెండు అంకెలూ మీ ప్రశ్నకు జవాబు చెప్పవు. జాబ్‌కీపర్ విషయంలో మొదట 60 లక్షల మందికి పైగా వస్తారని, 13,000 కోట్ల డాలర్లు అవుతుందని అంచనా వేశారు; 2020 మే 22న ఆ అంచనాను 7,000 కోట్లకు తగ్గించారు. దరఖాస్తు పత్రాల్లో ఉద్యోగుల సంఖ్య రాయవలసిన చోట దాదాపు వెయ్యి సంస్థలు 1,500 డాలర్ల మొత్తాన్ని రాయడం వంటి పొరపాట్లు కూడా అప్పుడే బయటపడ్డాయి. చివరికి ఏడాదికి అయిన ఖర్చు సుమారు 8,900 కోట్ల డాలర్లు. ఈ అంకెలన్నీ పథకం ఎంత పెద్దదో చెబుతాయి గాని, పనికొచ్చిందో లేదో చెప్పవు.

అడగవలసిన ప్రశ్న ఇది: సాయం లేకపోతే ఈ పది మందిలో ఎంతమంది ఉద్యోగం పోయేది? 2020 మధ్యకాలం నాటి ఆస్ట్రేలియా రేట్లతోనే ఒక లెక్క చూద్దాం. జాబ్‌కీపర్ కింద ఒక్కో ఉద్యోగికి రెండు వారాలకు 1,500 డాలర్లు యజమాని ద్వారా అందేవి. అదే మనిషి ఉద్యోగం పోయి నిరుద్యోగ భృతికి వెళ్తే, పిల్లలు లేని ఒంటరి మనిషికి అప్పటి కరోనా అదనపు భత్యంతో కలిపి రెండు వారాలకు 1,115 డాలర్ల 70 సెంట్లు వచ్చేవి. అంటే ఉద్యోగం నిజంగానే పోయేదైతే, దాన్ని నిలబెట్టడానికి ప్రభుత్వానికి అదనంగా పడిన భారం 384 డాలర్లు మాత్రమే. సాయం లేకున్నా యజమాని ఎలాగూ ఉంచుకునే మనిషైతే పడిన భారం పూర్తిగా 1,500.

ఇప్పుడు పది మంది పనిచేసే ఒక హోటలు ఊహించుకోండి. లాక్‌డౌన్‌లో సాయం లేకపోతే ఎనిమిది మందిని తీసేసేవారనుకుందాం. ప్రభుత్వం ఇచ్చింది 15,000 డాలర్లు, ఎనిమిది మందికి భృతి రూపంలో ఇవ్వకుండా మిగిలింది 8,926 డాలర్లు, నికర ఖర్చు 6,074. నిలబడిన ఒక్కో ఉద్యోగానికి 759 డాలర్లు. ఇది భృతి కన్నా కూడా తక్కువ, పైగా మనిషి తన పనిలోనే ఉన్నాడు. అదే హోటలు తెరుచుకుని, గిరాకీ చాలావరకు తిరిగివచ్చి, సాయం ఆపినా ముగ్గురు మాత్రమే పోయే స్థితి వచ్చిందనుకోండి. ఇచ్చింది మళ్లీ 15,000, మిగిలింది 3,347, నికర ఖర్చు 11,653. నిలబడిన ఒక్కో ఉద్యోగానికి 3,884 డాలర్లు. పథకం మారలేదు, మొత్తం మారలేదు, మనుషులు మారలేదు. మారింది హోటలు తలుపు ఒక్కటే. పన్నుల రూపంలో వెనక్కి వచ్చేదాన్ని ఈ లెక్కలో చేర్చలేదు, కాని చేర్చినా రెండింటి మధ్య ఉన్న దూరం పోదు.

మొదటి నెలల్లో సాయం ఆపమనేవారు ఎందుకు పొరబడతారో, తరువాతి నెలల్లో అదే రూపంలో అందరికీ కొనసాగించమనేవారు ఎందుకు పొరబడతారో ఈ లెక్కే చెబుతుంది. అమెరికాలో పేచెక్ ప్రొటెక్షన్ ప్రోగ్రామ్ పేర చిన్న సంస్థలకు దాదాపు 80,000 కోట్ల డాలర్లు, జీతాలకు వాడితే తిరిగి చెల్లించనక్కరలేని అప్పులుగా ఇచ్చారు. ఆర్థికవేత్త డేవిడ్ ఆటర్, ఆయన సహచరులు చేసిన పరిశీలనలో అందులో 23 నుంచి 34 శాతం మాత్రమే, లేకుంటే ఉద్యోగం పోయేవారికి చేరిందని తేలింది. మిగిలిన అధికభాగం యజమానులకు, వాటాదారులకు, అప్పు ఇచ్చినవారికి చేరింది. జల్లెడ లేకుండా పోసిన పిండి ఎటు పోతుందో అటే పోయింది.

మీ లెక్కకు కావలసిన అంకెలు ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పాలి. బ్రిటన్‌లో పన్నుల శాఖ ప్రతినెలా ఏ రంగంలో ఎంతమంది సాయం మీద ఉన్నారో ప్రచురించేది. ఆస్ట్రేలియాలో జీతాల వివరాలు ప్రతి చెల్లింపుతోనూ పన్ను కార్యాలయానికి చేరే ఏర్పాటు ఉండటంతో, గణాంక శాఖ వారాల వ్యవధిలోనే ఉద్యోగాల కదలికను చెప్పగలిగింది. మన దగ్గర ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ ప్రతినెలా ఇచ్చే కొత్త చేరికల, నిష్క్రమణల సంఖ్యలు, ఉపాధి హామీ పనులకు నెలనెలా వచ్చే డిమాండు సంఖ్యలు చూడవచ్చు.

ఊహించిన నష్టాన్ని, జరిగిన నష్టాన్ని పక్కపక్కన పెట్టండి

జాబ్‌కీపర్‌లో చేరడానికి, వంద కోట్ల డాలర్లకు లోపు టర్నోవర్ ఉన్న సంస్థ తన టర్నోవర్ 30 శాతం పడిపోతుందని చూపాలి. అంతకన్నా పెద్ద సంస్థ 50 శాతం, ధార్మిక సంస్థ 15 శాతం. పడిపోయిందని కాదు, పడిపోతుందని చూపితే చాలు. ఒకసారి అర్హత వచ్చాక సెప్టెంబరు చివరి దాకా మళ్లీ పరీక్ష లేదు. ఇల్లు తగలబడుతున్నప్పుడు నీళ్లు పోసేవాడిని రశీదు అడగరు కాబట్టి, మార్చి నెలలో ఇలా చేయడాన్ని నేను తప్పుపట్టను. కాని 2021 అక్టోబరులో ఆ దేశ ట్రెజరీ (ఆర్థిక) శాఖే ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, మొదటి ఆరు నెలల్లో సుమారు 2,700 కోట్ల డాలర్లు, టర్నోవర్ నిజానికి అంతగా పడిపోని సంస్థలకు వెళ్లాయి. లాభాలు పెరిగిన కొన్ని సంస్థలు స్వచ్ఛందంగా కొంత తిరిగి ఇచ్చాయి. మిగిలినది తిరిగి అడిగే నిబంధనే చట్టంలో లేదు.

అందుచేత కొనసాగింపును కోరేటప్పుడు రెండు మాటలు తప్పక చేర్చండి. పొడిగింపు ప్రతిసారీ జరిగిన నష్టం ఆధారంగా అర్హతను మళ్లీ చూడాలి. ఊహ తప్పయి నష్టం రాని సంస్థ తీసుకున్నది విడతలుగా తిరిగి చెల్లించాలి. ఆస్ట్రేలియా మొదటి మాటను 2020 సెప్టెంబరు 28 నుంచి పాటించింది. అప్పటినుంచి మొత్తాన్ని కూడా 1,200 డాలర్లకు, వారానికి 20 గంటల కన్నా తక్కువ చేసేవారికి 750కి తగ్గించింది. జనవరి నుంచి 1,000, 650 చేసింది. మొదటి దశలో దాదాపు 40 లక్షల మంది ఉన్న పథకంలో చివరికి 11 లక్షల మంది మిగిలారు. ఆగిపోయాక లక్ష నుంచి లక్షన్నర మంది దాకా ఉద్యోగాలు కోల్పోవచ్చని ట్రెజరీ హెచ్చరించినా, నిరుద్యోగ రేటు పెరగకుండా జూన్ నాటికి 4.9 శాతానికి దిగింది. నిజమైన నష్టం ఆధారంగా జల్లెడ పట్టి, మెట్లు మెట్లుగా దించితే దిగడం సాధ్యమేనని దీన్నిబట్టి అనుకోవచ్చు. అయితే మొదటి మెట్టు దించిన సెప్టెంబరు 28న మెల్‌బోర్న్ ఇంకా లాక్‌డౌన్‌లోనే ఉందన్న సంగతి కూడా పక్కనే రాసుకోవాలి. తలుపు మూసి ఉన్న నగరానికీ తెరిచిన నగరానికీ ఒకే తేదీన ఒకే కోత పెట్టడం నా దృష్టిలో అన్యాయం.

జీతాల పట్టీలో పేరు లేనివారిని లెక్కపెట్టండి

ఏ పథకం గురించైనా ‘కొనసాగించాలా’ అని అడగడానికి ముందు ‘ఇప్పుడు ఎవరికి అందడం లేదు’ అని అడగాలి. కొనసాగింపు కోరేవాళ్లు కూడా తరచు మరిచేది దీన్నే. జాబ్‌కీపర్ క్యాజువల్ ఉద్యోగులలో ఒకే యజమాని దగ్గర పన్నెండు నెలలు పనిచేసినవారికే వర్తించింది. న్యూజిలాండ్ వారు తప్ప తాత్కాలిక వీసాల మీద ఉన్నవారెవరికీ వర్తించలేదు. మెల్‌బోర్న్‌లో, సిడ్నీలో చదువుకుంటూ హోటళ్లలో, పెట్రోలు బంకుల్లో, గిడ్డంగుల్లో పనిచేసే మన తెలుగు విద్యార్థులు ఈ రెండవ గీతకు అవతల ఉండిపోయారు. పన్ను కట్టారు, మూసింది వారు పనిచేసే హోటలునే, అయినా పక్కన నిలబడి వడ్డించే స్థానికునికి వచ్చిన సాయం వారికి రాలేదు. తమను తాము పోషించుకోలేని సందర్శకులు, విద్యార్థులు సొంత దేశాలకు వెళ్లిపోవాలని ఆ ఏప్రిల్‌లో ప్రధాని చెప్పారు. అప్పటికే భారత్‌లో అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలు ఆగిపోయి ఉన్నాయి. ఇక్కడ పొలం తాకట్టు పెట్టి పంపిన తల్లిదండ్రులు ఆ నెలలు ఎలా గడిపారో తెలుగు నాట చాలా ఇళ్లకు తెలుసు.

భారతదేశంలో గీత మరో చోట పడింది. ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ పథకం కింద, వంద మంది లోపు ఉద్యోగులుండి అందులో 90 శాతం మంది నెలకు 15,000 రూపాయల లోపు సంపాదించే సంస్థల్లో, యజమాని, ఉద్యోగి ఇద్దరి భవిష్యనిధి వాటాను, అంటే జీతంలో 24 శాతాన్ని, మార్చి నుంచి ఆగస్టు 2020 దాకా ప్రభుత్వం కట్టింది. మంచి పనే, కాని నూట ఒకటో మనిషి చేరిన సంస్థకు అది లేదు. అంతకన్నా ముఖ్యంగా, భవిష్యనిధి ఖాతాయే లేని మనిషికి అది లేదు. మన దేశంలో పనిచేసే పది మందిలో దాదాపు తొమ్మిది మంది అసంఘటిత రంగంలో ఉన్నారు. ఇటుక బట్టీలో, అడ్డా మీద, ఇళ్లలో పనిచేసేవారికి యజమాని ద్వారా సాయం పంపాలంటే ముందు ఆ యజమాని ఎవరో చెప్పే కాగితం ఉండాలి.

అటువంటి చోట వేతన సాయాన్ని కొనసాగించమని కాదు, దాని స్థానంలో మనిషికి నేరుగా చేరేదాన్ని కోరాలి. 2020-21లో ఉపాధి హామీకి కేంద్రం మొదటి కేటాయింపు మీద అదనంగా 40,000 కోట్ల రూపాయలు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రోజు కూలి 237 రూపాయలు ఉండేది. అంతకుముందు ఏడాది దేశమంతటా 265 కోట్ల పనిదినాలు జరగగా ఆ ఏడాది 389 కోట్లు జరిగాయి. ఊరికి తిరిగివచ్చిన వలస కూలీ అడిగింది ఎంత ఉందో ఆ అంకె చెబుతుంది. పట్టణంలోనే ఉండిపోయినవారికి దేశమంతటా వర్తించే అటువంటి హామీ ఏదీ లేదు, ఈ లోటు ఈనాటికీ పూడలేదు.

తెలంగాణ ప్రైవేటు బడుల ఉపాధ్యాయుల సంగతి ఇక్కడే చెప్పాలి. 2020 మార్చిలో బడులు మూతపడ్డాక చాలా యాజమాన్యాలు జీతాలు సగం చేశాయి, లేదా పూర్తిగా ఆపాయి. పాఠాలు చెప్పిన మనుషులు కూరగాయలు అమ్మారు, కూలికి వెళ్లారు. 2021 ఏప్రిల్ 8న, రెండవసారి బడులు మూసిన తరువాత, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకూ సిబ్బందికీ నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం, బడులు తెరిచేవరకు ఇస్తామని ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు ప్రకటించారు. లక్షకు పైగా మందికి అది చేరింది. ఏడాది ఆలస్యంగా వచ్చింది, ఒక మనిషి జీతంతో పోలిస్తే చాలా చిన్నది. అయినా దాని అమరికలో రెండు మంచి గుణాలున్నాయి: డబ్బు యాజమాన్యం చేతికి కాక ఉపాధ్యాయుని ఖాతాకు వెళ్లింది, గడువును క్యాలెండరుకు కాక బడి తలుపుకు కట్టారు.

గడువును తేదీకి కాక పరిస్థితికి కట్టండి

సాయం ముగియవలసినదే, ఎప్పుడో ఒకప్పుడు. ఎలా ముగియాలన్నదాని మీద బ్రిటన్ అనుభవం కళ్లు తెరిపిస్తుంది. 2020 మార్చి 20న అప్పటి ఆర్థిక మంత్రి రిషి సునక్ ప్రకటించిన ఫర్లో పథకం, పని ఆగిన ఉద్యోగి జీతంలో 80 శాతాన్ని, నెలకు 2,500 పౌండ్లకు మించకుండా ఇచ్చింది. మొత్తం 1 కోటి 17 లక్షల ఉద్యోగాలకు అందింది, సుమారు 7,000 కోట్ల పౌండ్లు ఖర్చయింది. పథకం మంచిదే, కాని గడువు ప్రకటించిన తీరు బాగాలేదు. 2020 అక్టోబరు 31తో ముగుస్తుందని చెప్పారు. వ్యాధి మళ్లీ పెరుగుతున్నా ఆ మాటే పట్టుకుని ఉండి, ముగియడానికి కొన్ని గంటల ముందు, కొత్త లాక్‌డౌన్ ప్రకటనతో కలిపి పొడిగించారు. నవంబరు 5న మార్చి దాకా అన్నారు, తరువాత ఏప్రిల్ అన్నారు, ఆ తరువాత సెప్టెంబరు 2021 అన్నారు.

చివరి గంటలో పొడిగిస్తే ఏం నష్టమని అడగవచ్చు. ఆ దేశ చట్టం ప్రకారం ఒకే చోట వంద మందిని, అంతకన్నా ఎక్కువమందిని తొలగించదలచిన సంస్థ 45 రోజుల ముందే సంప్రదింపులు మొదలుపెట్టాలి. 20 నుంచి 99 మందికైతే 30 రోజులు. అక్టోబరు 31న సాయం ఆగిపోతుందని నమ్మిన పెద్ద సంస్థ సెప్టెంబరు మధ్యలోనే తొలగింపు కాగితాలు కదపవలసి వచ్చింది. ఆ శరదృతువులో తొలగింపులు అంతకుముందు ఎన్నడూ లేనంతగా పెరిగాయి. పొడిగింపు ప్రకటన వచ్చేసరికి వాళ్లలో చాలామంది చేతిలో కాగితం ఉంది. డబ్బు ఎలాగూ ఖర్చయింది, ఆరు వారాల ముందు చెప్పి ఉంటే అదే డబ్బుతో మరిన్ని ఉద్యోగాలు నిలిచేవి.

దీనికి భిన్నంగా ఆస్ట్రేలియా 2021లో చేసింది చూడండి. జూన్ 26న సిడ్నీలో డెల్టా రకం కరోనా కారణంగా లాక్‌డౌన్ పెట్టినప్పుడు జాబ్‌కీపర్ లేదు. ఆ నెల మొదట్లో విక్టోరియా కోసం తెచ్చిన విపత్తు చెల్లింపును విస్తరించి, వారానికి 20 గంటలు, అంతకన్నా ఎక్కువ పని కోల్పోయినవారికి వారానికి మొదట 500, తరువాత 600, ఆపైన 750 డాలర్లు నేరుగా మనిషి ఖాతాకు పంపారు. పని చేసే హక్కున్న తాత్కాలిక వీసాదారులకు కూడా ఈసారి అర్హత ఇచ్చారు. ముగింపును టీకాకు కట్టారు: రాష్ట్రంలో అర్హులైనవారిలో 70 శాతానికి రెండు డోసులు పూర్తికాగానే ప్రతివారం తిరిగి దరఖాస్తు చేయాలి, 80 శాతం దాటాక రెండు వారాల్లో తగ్గి ఆగిపోతుంది. ఏ యజమానీ, ఏ కార్మికుడూ మంత్రి మనసు ఊహించనక్కరలేకపోయింది. టీకాల పట్టిక చూస్తే చాలు. మొదటి పథకంలో చేసిన తప్పులు రెండవదానిలో దిద్దుకున్నారు. యజమానితో ఉన్న తాడును మాత్రం ఇది కాపాడలేదు. లాక్‌డౌన్ వారాలలో ముగిసేదైతే ఫరవాలేదు, నెలల తరబడి సాగేదైతే జాబ్‌కీపర్ లాంటిదే మేలని నా అంచనా.

వినతిని రాయడం

ఇంతదాకా వేసుకున్న లెక్కలన్నీ ఒక పేజీ వినతిగా మారాలి. ‘వేతన సాయాన్ని కొనసాగించాలి’ అన్న ఒక్క వాక్యం రాస్తే, దాన్ని తోసిపుచ్చడానికి ‘డబ్బు లేదు’ అన్న ఒక్క వాక్యం చాలు. దాని బదులు ఏ రంగంలో ఏ ఉత్తర్వు వల్ల పని ఆగిందో ఉత్తర్వు తేదీతో సహా మొదటి వాక్యంలో రాయండి. ఆ రంగంలో మీకు తెలిసిన సంస్థల్లో సాయం లేకపోతే ఎంతమంది పోతారో అంకెతో రాయండి. పదింటి వివరాలు నిజాయతీగా సేకరిస్తే, లక్షల మంది అని గాలిలో రాసినదాని కన్నా బలంగా ఉంటుంది. ఏ సంస్థలకు ఇక అక్కరలేదో కూడా మీరే రాయండి, ఎందుకంటే ఆ మాట ఎలాగూ అవతలి పక్షం అంటుంది, మీ నోటివెంట వస్తే మిగిలిన కోరికను నమ్ముతారు. జీతాల పట్టీలో పేరు లేనివారికి నేరుగా చెల్లించే మార్గం విడిగా అడగండి. ముగింపు ఏ పరిస్థితికి కట్టాలో సూచించండి: ఉత్తర్వు ఎత్తివేసిన తరువాత ఫలానా నెలలు సగం, ఆ తరువాత పావు, మళ్లీ మూస్తే మళ్లీ పూర్తిగా.

చివరగా, పంపవలసిన రోజు. పథకం గడువు తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. తొలగింపు నోటీసుకు చట్టం ఎన్ని రోజులు కోరుతుందో చూడండి. 2025 దాకా అమల్లో ఉన్న మన పారిశ్రామిక వివాదాల చట్టం ఏడాది సర్వీసున్న కార్మికునికి నెల రోజుల రాతపూర్వక నోటీసు గానీ దాని బదులు జీతం గానీ ఇవ్వాలనేది. ఆ రోజులకు, ప్రభుత్వం ఫైలు కదపడానికి కనీసం మరో నెల కలపండి. గడువు సెప్టెంబరు 30 అయితే మీ కాగితం జులై నెలాఖరుకు అధికారి బల్ల మీద ఉండాలి, దాని నకలు మీ శాసనసభ్యుని దగ్గర, యజమానుల సంఘం దగ్గర ఉండాలి.